తలుపు వెనక పాఠం

“మా తాతయ్యకి తెలియకుండా ఆయన మాటలు రికార్డు చేసింది మేడం” అని సింధూరి మీద ఫిర్యాదు చేసి, అపూర్వ తమ లింగ్విస్టిక్స్ మేడం శాంతకుమారి గారి గది గడప దాటబోతున్న దగ్గర పోయిన వారం ఆగాం.

ఆ మాట నిజం కాదని అపూర్వకి తెలుసు. పూర్తిగా అబద్ధమూ కాదని తనకి తనే సర్దిచెప్పుకుంది. సింధూరి తమ ఇంటికి వచ్చినప్పుడల్లా తాతయ్య గది తలుపు మూసుకుంటుంది. లోపల ఎవరు ఏమడిగారో, ఎవరు దేనికి ఒప్పుకున్నారో తను చూడలేదు. చూడనిది లేదంటే అబద్ధమెలా అవుతుంది?

గడప దాటకముందే శాంతకుమారి గారు వెనక్కి పిలిచారు.

“మనిషి మాటని ఆ మనిషి ఒప్పుకోకుండా తీసుకోవడం మన సబ్జెక్టులో దొంగతనమేనమ్మా. సింధూరి అంత పని చేసుంటే హైదరాబాద్ సెమినార్‌కి తన పేపరు పంపను. నీదే పంపుతాను. కానీ నీ మాట మీదో తన మాట మీదో తేల్చేది కాదిది. శుక్రవారం సాయంత్రం మీ ఇంటికొస్తాను. మాస్టార్నే అడుగుదాం.”

అపూర్వ తలూపింది. ఇలా జరుగుతుందని ఆమె అనుకోలేదు.

ఇంగ్లిష్ లాంగ్వేజ్, లింగ్విస్టిక్స్‌లో ఎం.ఏ. చేరిన రోజు ఆ క్లాసులో అపూర్వని చూడని వాళ్ళు లేరు. ఆమె నోరు విప్పితే రేడియో పెట్టినట్టుండేది. ఆ నోటిని తయారు చేసింది తాతయ్య అచ్యుతరామారావు మాస్టారు. బెజవాడ కాలేజీల్లో తరాల తరబడి ఇంగ్లిష్ చెప్పిన మనిషి. మనవరాలిని పసిగా ఉన్నప్పుడే భవానీపురం ఇంట్లో అద్దం ముందు కూర్చోబెట్టి, ‘వి’ అనేటప్పుడు పై పళ్ళు కింది పెదవికి ఆనాలనీ, ‘డబ్ల్యూ’కి పెదవులు గుండ్రంగా చుట్టాలనీ నేర్పాడు. తప్పు పలికితే మళ్ళీ అనమనేవాడు. సరిగ్గా పలికితే ఏమీ అనేవాడు కాదు. అపూర్వ బహుమతులు తెచ్చి బల్ల మీద పెడితే “ఊఁ” అని పేపరు తిప్పేవాడు. ఆ “ఊఁ” దాటి ఇంకొక్క మాట వినాలని ఆమె చిన్నప్పట్నుంచీ కాచుకుని ఉంది.

అదే క్లాసులో సింధూరి ఆఖరి బెంచీలో కూర్చునేది. వాళ్ళ నాన్న దుర్గాప్రసాద్‌కి ఆటోనగర్‌లో లేతు మిషన్ల షెడ్డు ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి రోజు పరిచయాల్లో లేచి నిలబడి “అయామ్ కమింగ్ ఫ్రం ఆటోనగర్” అంటే బెంచీలన్నీ నవ్వాయి. అపూర్వకి జాలేసింది. పక్కన కూర్చోబెట్టుకుంది, నోట్సులిచ్చింది, క్యాంటీన్లో టీ తాగించింది. జాలి పడినంత కాలం స్నేహం బాగానే నడిచింది.

ఒకరోజు శాంతకుమారి గారు ఎవరికీ తెలియని భాషలో ఎవరో ముసలామె మాటలు వినిపించి, చెవికి వినబడిన ప్రతి ధ్వనీ ఉచ్చారణ గుర్తుల్లో రాయమన్నారు. అపూర్వ రాసిన దాంట్లో సగం తప్పులు. సింధూరి రాసినది మేడం చదివి వినిపిస్తే ఆ ముసలామె క్లాసులో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

“నీకు నోరుంది అపూర్వా. ఆ అమ్మాయికి చెవుంది. ఈ చదువుకి కావలసింది చెవి” అన్నారు మేడం, నవ్వుతూనే.

ఆ రోజు బస్సులో అపూర్వ సింధూరి పక్కన కూర్చోలేదు. ముందు సీటు ఖాళీగా ఉందంటూ వెళ్ళిపోయింది.

తర్వాత ఒక్కొక్కటే జారిపోయాయి. మార్కులు, మేడం పిలుపులు, చివరికి హైదరాబాద్ సెమినార్. డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కరికే అవకాశం. అక్కడ చదివిన పేపరు నచ్చితే పీహెచ్‌డీ సీటు దాదాపు ఖాయమని అందరూ అనేవారు. సింధూరి ‘కృష్ణా డెల్టా పాతతరం ఇంగ్లిష్ మాస్టార్ల ఉచ్చారణ’ అని పేపరు రాసింది. అందులో ముఖ్యమైన మనిషి అపూర్వ తాతయ్యే.

ఇవన్నీ ఓర్చుకునేదేమో. ఓర్చుకోలేనిది ఆ తలుపు. వంటింట్లో నిలబడి ఉంటే మూసిన తలుపు వెనక నుంచి తాతయ్య నవ్వు వినబడేది. ఉండుండి ఒక్కసారిగా, గెలిచిన వాడిలా పగలబడి నవ్వేవాడు. తను పుట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినలేదు. పేపరుకి కావలసిన రికార్డింగులన్నీ ఎప్పుడో అయిపోయాయి. అయినా సింధూరి వస్తూనే ఉంది, తలుపు మూస్తూనే ఉంది.

శుక్రవారం పొద్దున తాతయ్య గడ్డం గీసుకుంటుంటే అపూర్వ వెనకాల నిలబడింది. రికార్డింగ్ సంగతి ఎవరైనా అడిగితే తెలియదనమని ఆయన్ని బతిమాలాలనుకుంది. తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“తాతయ్యా, ఇవాళ మా మేడం వస్తున్నారు.”

“దేనికి?”

“ఊరికే. నిన్ను చూడ్డానికి.”

అద్దంలో తాతయ్య కళ్ళు పైకి లేచాయి. “సింధూరి కూడా వస్తోందా?”

సబ్బు నురగ వెనక ఆయన మొహం వెలిగింది. అప్పటిదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకుందామా అని ఊగిసలాడిన అపూర్వ మనసు అక్కడే గట్టిపడింది.

“వస్తుంది” అంది.

శాంతకుమారి గారు ఆటోలో వచ్చారు. సింధూరి ఆమె కంటే ముందే వచ్చి, లోపలికి రాకుండా గేటు బయట ఎండలో నిలబడి ఉంది. మొహం వాడిపోయింది. అపూర్వ తలుపు తీసినా ఆమె వైపు చూడలేదు.

వరండాలో తాతయ్య తన పేము కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ స్కూల్లో ఉంది, నాన్న ఆఫీసులో. అపూర్వే అందరికీ కాఫీలిచ్చింది. సింధూరి గ్లాసు ముట్టుకోలేదు.

“మాస్టారూ, ఒక్క విషయం అడిగి వెళ్ళిపోతానండీ” అన్నారు శాంతకుమారి గారు. “ఈ అమ్మాయి మీ మాటలు రికార్డు చేసింది. మీకు తెలిసే చేసిందా?”

తాతయ్య ఆమె వైపు వింతగా చూశాడు. “తెలియకుండా ఎలా చేస్తుందమ్మా? ఎదురుగా ఫోను పెట్టుకునే కూర్చుంటుంది. ఎవరన్నారు తెలియదని?”

అపూర్వ ట్రే అంచు పట్టుకుని నేల వైపు చూస్తోంది. తాతయ్య మనవరాలి వైపు తిరిగాడు. ఆయనకి అర్థమైంది. తర్వాత మేడం వైపే చూసి, ఒక్కో మాటా నొక్కి చెప్పాడు.

“తనని రమ్మంటున్నది నేనే. మొదటిరోజే నా నోటితో నేనే తనకి... అదీ... ఇచ్చాను.”

ఆగాడు.

“అదేనమ్మా. ఎవరైనా వచ్చి చేసుకోవచ్చా అని అడుగుతారు కదా. సరే చేసుకో అని మనం... ఇస్తాం కదా. అదీ...”

చూపుడువేలు గాల్లో నిలబడిపోయింది. ఆ వేలి చివర ఏదో కనబడుతున్నట్టూ, అందనట్టూ ఆయన కళ్ళు చిట్లించాడు. అపూర్వ సింధూరి వైపు చూసింది. సింధూరి చేతులు ఒళ్ళో పెట్టుకుని గచ్చు వైపు చూస్తూ కదలకుండా కూర్చుంది. ఆమెకి ఆ మాట తెలియదా? ఒకటో క్లాసు పిల్లలు బడిలో బాత్రూమ్‌కి వెళ్ళడానికి అడిగే మాట. ఎందుకు అందించదు?

“పర్మిషన్ తాతయ్యా” అంది అపూర్వ.

తాతయ్య అరచేత్తో కుర్చీ చేతిని ఫట్‌మని కొట్టాడు. గ్లాసులు అదిరాయి.

“తెలుసు! నాకు తెలుసు ఆ మాట. నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు. నీకు నేర్పిందే నేను!”

అపూర్వ బిత్తరపోయింది. తాతయ్య కోప్పడటం ఆమెకి కొత్త కాదు. కానీ ఇది కోపంలా లేదు. దొంగతనం చేస్తూ పట్టుబడిన వాడి మొహంలా ఉంది.

శాంతకుమారి గారు కాఫీ గ్లాసు మెల్లగా కింద పెట్టారు. ఆమె ఇప్పుడు చూస్తున్నది మాస్టార్ని కాదు, సింధూరిని.

“ఎప్పట్నుంచి?”

సింధూరి తాతయ్య వైపు చూసింది. చెప్పమంటారా అని ఆ చూపు అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని తలూపాడు.

“నాకు తెలిసిందైతే పోయిన వినాయక చవితప్పుడు మేడం. అంతకుముందు నుంచే ఉండుంటుంది. వాక్యం నిలబడుతోంది. వస్తువుల పేర్లే జారిపోతున్నాయి. ముందు ఇంగ్లిష్ పేర్లు, ఇప్పుడిప్పుడు తెలుగువి కూడా.”

“పేపర్లో ఇదేం లేదే.”

“మాస్టారు రాయొద్దన్నారు. వచ్చిన పని అయిపోయిందని నేను మానేద్దామనుకుంటే, రోజు మార్చి రోజు రమ్మన్నారు. ఏదో ఒక వస్తువు చూపిస్తాను. పేరు చెప్తారు. రాకపోతే నేను అందించకూడదు. ఎంతసేపైనా ఆగాలి. అది ఆయన పెట్టిన రూలు. దొరికినప్పుడల్లా చిన్నపిల్లాడిలా నవ్వుతారు మేడం.”

అపూర్వ చేతిలోని ట్రే గోడకి తగిలి చప్పుడైంది. వంటింట్లో నిలబడి తను కుళ్ళిపోయిన ఒక్కో నవ్వూ ఒక్కో మాట. దొరికిన మాట.

“డాక్టరుకి చూపించారా?” అన్నారు మేడం.

“గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నానండీ. ఇంట్లో తెలియకూడదంటేనే వస్తానన్నారు. అపూర్వ నాన్న రాఘవ గారికి తెలిస్తే సాయంత్రం క్లాసు మాన్పించేస్తారని ఆయన భయం.”

సాయంత్రం క్లాసంటే ఆ వరండాలోనే కాలనీ ఆడవాళ్ళకి మాస్టారు చెప్పే ఇంగ్లిష్ క్లాసు. పెద్దబ్బాయి పెళ్ళి చేసిన కనకలక్ష్మి గారి దగ్గర్నుంచి కొత్త కోడళ్ళ దాకా వస్తారు. భార్య పోయాక ఆ గంట కోసమే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కునేది.

అపూర్వ వెళ్ళి తాతయ్య కుర్చీ పక్కన గచ్చు మీద కూర్చుంది.

“నాకెందుకు చెప్పలేదు తాతయ్యా? పరాయి పిల్లకి చెప్పావు. నాకు చెప్పలేవా?”

ఏడుపులో కూడా ‘పరాయి పిల్ల’ అన్న మాట పదునుగానే వచ్చింది. సింధూరి తల తిప్పుకుంది.

“నీకు ప్రతి మాటా నేను నేర్పాను” అన్నాడు తాతయ్య. “ఆ మాటలన్నీ నన్ను వదిలి పోతుంటే, వెళ్ళి నీ ముందే నిలబడమంటావా?”

“రేపట్నుంచి నేను కూర్చుంటాను. నేనే వస్తువులు చూపిస్తాను. సింధూరి అక్కర్లేదు.”

“వద్దు.”

“తాతయ్యా...”

“నువ్వు వద్దమ్మా. నువ్వు ఆగలేవు. అది నీ తప్పు కాదు. నిన్ను అలా పెంచింది నేనే. తప్పు దొర్లితే వెంటనే దిద్దాలని నేర్పాను. ఆగడం నేర్పలేదు.”

ఇన్నేళ్ళుగా ఆ నోటి నుంచి ఒక్క మంచి మాట కోసం కాచుకున్న అపూర్వకి, తనని తిట్టకుండా, మెచ్చుకోకుండా ఆయన అన్న ఆ మాట ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

శాంతకుమారి గారు లేచారు. మెట్ల దగ్గర ఆగి, అపూర్వకి మాత్రమే వినబడేలా అన్నారు. “సోమవారం నా గదికి రా. ఒక్కదానివే రా. నీ ఫిర్యాదు గురించి ఏం రాసిస్తావో ఆలోచించుకుని రా.”

మేడం ఆటో కదిలాక సింధూరి బస్టాపు వైపు నడిచింది. అపూర్వ గేటు బయట ఆమెని అందుకుని చెయ్యి పట్టుకుంది.

“ఒక్కటి చెప్పి వెళ్ళు. నీకెలా తెలిసింది? ఇరవై నాలుగ్గంటలూ ఆయనతో ఉండేది నేను. మా అమ్మకి తెలియదు, నాన్నకి తెలియదు. వచ్చి గంట కూర్చుని పోయే నీకెలా తెలిసింది?”

ఇంత జరిగినా ఆ ప్రశ్నలో అసూయే ఉందని అపూర్వకి తెలుస్తూనే ఉంది. ఆపుకోలేకపోయింది.

సింధూరి చెయ్యి విడిపించుకుంది.

“నువ్వే చెప్పావు.”

“నేనా?”

“క్లాసులో. నోరు జారడం గురించి పాఠం నడుస్తోంది. ఉదాహరణలు చెప్పమంటే నువ్వు లేచావు. మా తాతయ్య భోజనాల దగ్గర గరిటె అడగబోయి గొడుగు ఇవ్వమన్నాడు, మా అమ్మ నిజంగానే గొడుగు తెచ్చిచ్చింది అన్నావు. యాక్షన్ చేసి మరీ చూపించావు. క్లాసంతా పడీ పడీ నవ్వింది. మేడం కూడా నవ్వారు.” సింధూరి ఊపిరి పీల్చుకుంది. “నేనూ నవ్వాను. కానీ అదే వారంలో క్యాంటీన్లో ఇంకోటి చెప్పావు, బస్సులో ఇంకోటి. ప్రతిసారీ వేరే వస్తువు. ఎవరికైనా ఒకసారి నోరు జారుతుంది అపూ. అన్నిసార్లు జారదు. భయమేసి, రికార్డింగ్ వంక పెట్టుకుని మీ ఇంటికొచ్చాను.”

అపూర్వ గేటు ఊచ పట్టుకుంది. ఆ నవ్వులు ఆమెకి గుర్తున్నాయి. క్లాసంతా తన వైపు తిరిగినందుకు ఆ రోజు ఎంత సంతోషపడిందో కూడా గుర్తుంది.

“గురువారం వస్తావు కదా?” అంది చివరికి. అడగడానికి ఆమె చాలా కిందికి దిగాల్సి వచ్చింది.

“ఎలా వస్తాను? మాస్టారి మాటలు దొంగిలించానని డిపార్ట్‌మెంట్ అంతా చెప్పుకుంటున్నారు. ఎవరో మా నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పారు. షెడ్డులో పనివాళ్ళందరి ముందూ తల దించుకున్నాడాయన. పెద్దవాళ్ళిళ్ళకి వెళ్ళొద్దంటే విన్నావా అన్నాడు. ఇంక నన్ను భవానీపురం రానివ్వడు.” సింధూరి కళ్ళు తుడుచుకుంది. “ఆయన్ని నువ్వే తీసుకెళ్ళు. తీసుకెళ్ళనిస్తే.”

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అపూర్వ లోపలికి వచ్చేసరికి తాతయ్య అదే కుర్చీలో ఉన్నాడు.

“వెళ్ళిపోయిందా?”

“వెళ్ళిపోయింది.”

“మళ్ళీ రాదు కదూ?”

అంతలో గేటు దగ్గర స్కూటర్ ఆగింది. నాన్న రాఘవ హెల్మెట్ తీస్తూనే వరండా ఎక్కాడు.

“ఆ సింధూరి రోడ్డు మీద ఏడ్చుకుంటూ పోతోందేంటే? పలకరించినా ఆగలేదు. ఏం జరిగింది?”

తాతయ్య మనవరాలి వైపు చూశాడు. చెప్పొద్దని ఆ కళ్ళు బతిమాలాయి. పుట్టి బుద్ధెరిగాక ఆయన తనని ఏదైనా కోరడం అదే మొదటిసారి. ‘ఏమీ లేదు నాన్నా’ అంటే చాలు. ఆ రహస్యం ఇంక వాళ్ళిద్దరిదే. సింధూరి కూర్చున్న చోట తను కూర్చోవచ్చు. ఇంతకాలం ఏ చోటుకోసం రగిలిపోయిందో అది చేతికందేంత దగ్గరగా ఉంది.

అపూర్వ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

“నాన్నా, గురువారం నువ్వు సెలవు పెట్టాలి.”

“గురువారమా? ఆడిట్ ఉందమ్మా ఆఫీసులో. ఎందుకు?”

అపూర్వ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు తాతయ్య గొంతు లేచింది. క్లాసు చివరి బెంచీకి కూడా వినబడే ఆ పాత గొంతు.

“నేను చెప్తాను విను రాఘవా. నీ కూతురు స్నేహితురాలి మీద అసూయతో కాలేజీలో దొంగ ఫిర్యాదు ఇచ్చింది. ఆ పిల్ల అందుకే ఏడుస్తూ వెళ్ళింది. ఇందాక వాళ్ళ మేడం వచ్చి నిలదీసి వెళ్ళారు. గురువారం ఎంక్వైరీ పెట్టారు, తండ్రిని వెంటబెట్టుకుని రమ్మన్నారు.”

ఒక్క మాట తడబడలేదు. ఒక్క పేరు జారలేదు. మనవరాలి తప్పుని ముందు పెట్టి, దాని వెనక ఆయన పూర్తిగా దాక్కున్నాడు.

రాఘవ హెల్మెట్ కుర్చీలో పడేసి కూతురి వైపు తిరిగాడు.

“నిజమేనా అపూర్వా?”

చెప్పిన దాంట్లో గురువారం ఒక్కటే అబద్ధం. అది అబద్ధమని చెప్పాలంటే మిగతాదంతా ముందు ఒప్పుకోవాలి. ఆపైన తాతయ్య సంగతి చెబితే, తప్పు కప్పిపుచ్చుకోవడానికి ముసలాయన మీద జబ్బు మోపుతోందని నాన్న అనుకుంటాడు. అపూర్వ తాతయ్య వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు.